ఒక ఇంగ్లీష్ పదాన్ని పూర్తిగా నేర్చుకోవడం ఎలా? ‘రిలక్టెంట్’ పదంతో మొదటి అడుగు నుంచి చివరి దాకా

“పదానికి అర్థం తెలుసు. చదివితే అర్థమవుతుంది. మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు మాత్రం గుర్తుకు రాదు. వచ్చినా తప్పుగా వాడతామేమోనని భయం.” పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇదే. బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు అడుగుతున్నారు, ఐఈఎల్‌టీఎస్ రాయబోయే నర్సులు అడుగుతున్నారు, ఆఫీసులో రోజూ మెయిల్స్ పంపే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులూ అడుగుతున్నారు.

అర్థం దగ్గరే ఆగిపోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. ఒక పదం మన సొంతం కావాలంటే, దాని వెనక ఏ పదం వస్తుందో, అది ఎవరికి చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో కూడా తెలియాలి. ఆ పనిని ఏ వరసలో చేయాలో ఒకే పదాన్ని తీసుకుని చివరి దాకా చూపిస్తాను. ఆ పదం ‘రిలక్టెంట్’. వార్తల్లోనూ, ఆఫీసులోనూ, పరీక్షల్లోనూ ఎదురయ్యే పదం. పైగా తెలుగువాళ్లం దీన్ని దాదాపు అందరం ఒకే చోట తప్పుగా వాడతాం. ఆ తప్పు ఎందుకు వస్తుందో తెలిస్తే ఇంకో వంద పదాలకు అదే పనికొస్తుంది.

1. మొదలుపెట్టే ముందు దగ్గర ఉంచుకోవలసినవి

అన్నిటికన్నా ముందు సరైన డిక్షనరీ కావాలి. ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్ల కోసం రాసిన పెద్ద డిక్షనరీలు మనకు ఈ పనిలో అంతగా ఉపయోగపడవు. నేర్చుకునేవాళ్ల కోసమే తయారుచేసినవి వేరే ఉన్నాయి: ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్, లాంగ్‌మన్, కేంబ్రిడ్జ్, కాలిన్స్ కోబిల్డ్. నాలుగూ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

వీటిలో లాంగ్‌మన్ అర్థాలన్నిటినీ సుమారు 2000 తేలిక పదాలతోనే వివరిస్తుంది. అందుకే ఒక పదం అర్థం కోసం వెళ్లి ఇంకో మూడు తెలియని పదాల్లో చిక్కుకోవడం ఉండదు. కోబిల్డ్ అర్థాన్ని పూర్తి వాక్యంగా చెబుతుంది. పదం ఎలా వాడాలో ఆ వాక్యంలోనే కనిపిస్తుంది. మొదటిసారి చదివేవాళ్లకు ఈ రెండిటిలో ఒకటి చాలు.

తెలుగు అర్థం కోసం ఆంధ్రభారతి సైటులోని నిఘంటు శోధన వాడండి. ఒకేసారి చాలా నిఘంటువుల్లో వెతికిపెడుతుంది. అందులో బ్రౌన్ నిఘంటువు లాంటివి 19వ శతాబ్దానివి కాబట్టి కొన్ని తెలుగు మాటలు ఇప్పటి వాడుకలో ఉండవు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని చూడాలి.

సిద్ధం చేసుకోవలసినవి:

- ఒక లెర్నర్స్ డిక్షనరీ, ఫోన్‌లో గానీ కంప్యూటర్‌లో గానీ
- తెలుగు నిఘంటువు
- ఒక నోటు పుస్తకం, పదానికి ఒక పేజీ చొప్పున
- పదం మీకు ఎదురైన అసలు వాక్యం
- ఎవరూ కదిలించని అరగంట

చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ అదే ముఖ్యం. బస్సులో నిలబడి పదాలు రివిజన్ చేసుకోవచ్చు, కొత్త పదం నేర్చుకోవడం మాత్రం కుదరదు.

2. పదాన్ని ఎంచుకోండి

కనిపించిన ప్రతి పదాన్నీ నేర్చుకోనక్కర్లేదు. ఒక పదం రెండు మూడు వేర్వేరు చోట్ల ఎదురైతే తీసుకోండి. ఏదో చెప్పబోయి మాట దొరక్క ఆగిపోతే, ఆ దొరకని మాటను తీసుకోండి. ఇంటర్నెట్‌లో “ఈరోజు పదం” అంటూ వచ్చే అరుదైన పదాలను పక్కన పెట్టండి. వాటిని ఏళ్ల తరబడి మళ్లీ చూడరు.

రోజుకు యాభై పదాల జాబితా పెట్టుకునేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఎంతో కష్టపడతారు, నెల తిరిగేసరికి వాటిలో వాడగలిగేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా మిగలవు. ఇక్కడ చెప్పే పద్ధతిలో రోజుకు రెండు, మహా అయితే మూడు పదాలు చాలు.

3. డిక్షనరీ తెరవకముందు ఊహించండి

ఈ వాక్యం చూడండి: ‘బ్యాంక్స్ ఆర్ రిలక్టెంట్ టు లెండ్ టు టెనెంట్ ఫార్మర్స్.’

టెనెంట్ ఫార్మర్స్ అంటే కౌలు రైతులు. లెండ్ అంటే అప్పివ్వడం. ఇప్పుడు మనకు తెలిసిన లోకంతో ఆలోచించండి. కౌలు రైతు చేతిలో పొలం ఉంటుంది, పట్టా మాత్రం భూమి యజమాని పేరున ఉంటుంది. హామీగా చూపడానికి కాగితం లేదు. అలాంటప్పుడు బ్యాంకు ఏం చేస్తుంది? అప్పివ్వడానికి ముందుకు రాదు. పూర్తిగా కుదరదని అనకపోవచ్చు, కానీ వెనకాడుతుంది.

ఈ ఊహను తెలుగులో ఒక్క ముక్కలో పేజీ పైన రాసుకోండి. తప్పయినా ఫర్వాలేదు. ఊహించి తర్వాత సరిచూసుకున్న అర్థం, నేరుగా చదివేసిన అర్థం కన్నా గట్టిగా నిలుస్తుంది.

4. డిక్షనరీ పేజీని ఈ వరసలో చదవండి

చాలామంది అర్థం ఉన్న మొదటి లైను చూసి పేజీ మూసేస్తారు. అసలు సరుకు ఆ లైను కింద ఉంటుంది.

మొదట ఆ పదం ఏ జాతిదో చూడండి: నామవాచకమా, విశేషణమా, క్రియా? ‘రిలక్టెంట్’ విశేషణం. దీన్ని కింద గీత పెట్టి రాసుకోండి, ఎందుకంటే మన తప్పులు చాలావరకు ఇక్కడి నుంచే మొదలవుతాయి.

తర్వాత పదం పక్కన ముదురు అక్షరాల్లో ఇచ్చిన నమూనా చూడండి. ‘రిలక్టెంట్’ పక్కన ‘టు డూ సమ్‌థింగ్’ అని ఉంటుంది. అంటే దీని వెనక ‘టు’, ఆ వెనక క్రియ మూలరూపం రావాలని డిక్షనరీ మనకు చెబుతోంది.

ఆ తర్వాత ఉదాహరణలన్నీ చదవండి. ఒకటి చదివి ఆపకండి. కనీసం మూడు వాక్యాలు చేత్తో ఎత్తి రాసుకోండి.

చివరగా ఆ పదానికి చుట్టాలను వెతకండి. ఇక్కడ రెండు దొరుకుతాయి. ‘రిలక్టెన్స్’ నామవాచకం, ‘రిలక్టెంట్లీ’ క్రియావిశేషణం. ‘రిలక్టెన్స్’ను లెక్కపెట్టరు, కాబట్టి చివర ‘ఎస్’ తగిలించి బహువచనం చేయకండి.

5. పలకడం, స్పెల్లింగ్

మూడు ముక్కలుగా పలకండి: రి, లక్, టంట్. బలమంతా మధ్యలోని ‘లక్’ మీద పడాలి. మొదటి ‘రి’ పొట్టిది, ‘రీ’ అని సాగదీయకూడదు. తెలుగులో అలవాటు కొద్దీ ‘టెంట్’ అని రాస్తాం గానీ, పలికేటప్పుడు ఆ చివరి అచ్చు చాలా బలహీనంగా, దాదాపు మింగేసినట్టు వినిపిస్తుంది.

తెలుగులో ప్రతి అక్షరానికీ ఇంచుమించు సమానమైన బరువు ఇస్తాం. ఇంగ్లీష్‌లో ఒక ముక్క మీద బరువు వేసి మిగతావాటిని తేల్చేస్తారు. బరువు తప్పు ముక్క మీద పడితే, అక్షరాలన్నీ సరిగ్గా పలికినా విదేశీయులకు పదం అందదు. ఫోన్ ఇంటర్వ్యూల్లో “సారీ, కెన్ యు రిపీట్?” అని అడిగించే కారణాల్లో ఇదొకటి.

డిక్షనరీలో స్పీకర్ బొమ్మ నొక్కి విని, వెంటనే వెంట పలకండి. తర్వాత యూగ్లిష్ అనే సైటులో పదం కొట్టండి. మామూలు మనుషులు వీడియోల్లో ఆ పదం పలికిన చోట్లను ఒకదాని వెనక ఒకటి వినిపిస్తుంది. నాలుగైదు గొంతులు వింటే చాలు, చెవి పడుతుంది. ‘రిలక్టెంట్లీ’, ‘రిలక్టెన్స్’ రెండిట్లోనూ బరువు ‘లక్’ మీదే ఉంటుంది.

స్పెల్లింగ్: ఆర్, ఇ, ఎల్, యు, సి, టి, ఎ, ఎన్, టి. చివర ఇ-ఎన్-టి అని రాసేవాళ్లు ఎక్కువ. పలుకుబడి మనకు ఇక్కడ సాయం చేయదు, కాబట్టి చేత్తో ఐదారుసార్లు రాయడమే మార్గం. ‘సి’ మరిచిపోకండి.

6. పదం వెనక ఏం వస్తుందో చూడండి

ఈ అడుగు మీద మిగతా అన్నిటికన్నా ఎక్కువ సేపు కూర్చోండి.

“ఆయన పొలం అమ్మడానికి ఇష్టపడటం లేదు.” దీన్ని ఇంగ్లీష్‌లో చెప్పమంటే చాలామంది ‘హి ఈజ్ రిలక్టెంట్ ఫర్ సెల్లింగ్ ద ల్యాండ్’ అంటారు. తెలుగులో ‘అమ్మడానికి’ అన్నాం. ఆ ‘-డానికి’ మన మనసులో ‘ఫర్’గా మారిపోతుంది, ‘అమ్మడం’ కాస్తా ‘సెల్లింగ్’ అవుతుంది. సరైన వాక్యం ఇది: ‘హి ఈజ్ రిలక్టెంట్ టు సెల్ ద ల్యాండ్.’

ఇంకో తప్పు: ‘రిలక్టెంట్ టు సెల్లింగ్’. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు సీయింగ్ యు’ అని మెయిల్స్‌లో చూసి, ‘టు’ వెనక ఎప్పుడూ ‘-ఇంగ్’ వస్తుందేమో అనుకుని రాసేది ఇది. ఆ ‘టు’ వేరు, ఈ ‘టు’ వేరు. ‘రిలక్టెంట్’ వెనక వచ్చే ‘టు’ తర్వాత క్రియ మూలరూపమే: టు సెల్, టు గో, టు అగ్రీ, టు స్పీక్. బ్యాంకు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) పరీక్షల్లో తప్పు పట్టుకోమనే ప్రశ్నలకు సరిపోయే చోటు ఇదే.

మూడో తప్పు: ‘ఐ హావ్ రిలక్టెంట్ టు గో.’ తెలుగులో “నాకు వెళ్లడం అయిష్టంగా ఉంది” అంటాం. ఆ ‘నాకు ఉంది’ వల్లనే ‘హావ్’ వచ్చి కూర్చుంటుంది. విశేషణానికి ‘యామ్, ఈజ్, ఆర్’ కావాలి. ‘ఐ యామ్ రిలక్టెంట్ టు గో’ అనాలి. ‘హావ్’ వాడాలనే ఉంటే దాని వెనక నామవాచకం పెట్టాలి: ‘ఐ హావ్ సమ్ రిలక్టెన్స్ అబౌట్ గోయింగ్.’ వ్యాకరణపరంగా సరే గానీ మొదటిదే సహజం.

నాలుగోది: ‘హి రిలక్టెంట్స్ టు కమ్.’ ‘వెనకాడతాడు’ తెలుగులో క్రియ కాబట్టి ఇంగ్లీష్‌లోనూ క్రియ అనుకుని చివర ‘ఎస్’ తగిలిస్తారు. నాలుగో అడుగులో జాతిని కింద గీత పెట్టి రాసుకోమన్నది ఇందుకే.

ఇప్పుడు పేజీలో ఈ నమూనాలు వరసగా రాసుకోండి:

- బీ, సీమ్, ఫీల్, రిమెయిన్ + రిలక్టెంట్ + టు + క్రియ: ‘షి సీమ్డ్ రిలక్టెంట్ టు టాక్ అబౌట్ ఇట్.’
- రిలక్టెంట్ + నామవాచకం: ‘ఎ రిలక్టెంట్ విట్‌నెస్’, అంటే సాక్ష్యం చెప్పడానికి మనసొప్పని సాక్షి.
- రిలక్టెంట్లీ + క్రియ: ‘హి రిలక్టెంట్లీ అగ్రీడ్.’ ఇక్కడ ‘లీ’ వదిలేస్తే తప్పు.
- విత్ గ్రేట్ రిలక్టెన్స్: ‘షి సైన్డ్ ద పేపర్స్ విత్ గ్రేట్ రిలక్టెన్స్.’
- రిలక్టెన్స్ + టు + క్రియ: ‘హిజ్ రిలక్టెన్స్ టు యాక్ట్’.
- ముందు వచ్చే మాటలు: ‘వెరీ’, ‘ఎక్స్‌ట్రీమ్లీ’, ‘ఎ బిట్’, ‘ఇనిషియల్లీ’, ‘అండర్‌స్టాండబ్లీ’.

‘ఇనిషియల్లీ రిలక్టెంట్’ అనేది చాలా ఉపయోగపడే జంట. మొదట్లో ఇష్టపడలేదు, తర్వాత ఒప్పుకున్నారు అని చెప్పాలంటే దాంతోనే సగం పని అయిపోతుంది.

ఒక పదం పక్కన ఏవి వస్తాయో వెతకడానికి స్కెల్ అనే ఉచిత సైటు ఉంది. పదం కొడితే అసలు వాక్యాలు, పక్కన తరచూ వచ్చే మాటలు చూపిస్తుంది. డిక్షనరీ అయిపోయాక ఒకసారి అందులో చూడండి.

7. హద్దులు గీయండి

‘రిలక్టెంట్’ అంటే ఆ పని చేశారా, చేయలేదా?

‘హి వాజ్ రిలక్టెంట్ టు సెల్ ద ల్యాండ్’ అన్న వాక్యంలో పొలం అమ్మాడో లేదో తెలియదు. మనసు ఒప్పుకోలేదన్నదే తెలుస్తుంది. ‘హి రిలక్టెంట్లీ సోల్డ్ ద ల్యాండ్’ అంటే అమ్మేశాడు, మనసు చంపుకుని అమ్మాడు. ‘హి రిఫ్యూజ్డ్ టు సెల్’ అంటే అమ్మనని చెప్పేశాడు. ఈ మూడింటి మధ్య తేడా పట్టుకుంటే పదం మీ చేతికి చిక్కినట్టే. రీడింగ్ కాంప్రహెన్షన్‌లో ‘రిలక్టెంట్’ చూడగానే “చేయలేదు” అన్న ఆప్షన్‌కు టిక్ పెట్టి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఇక్కడే జాగ్రత్తపడాలి.

ఇప్పుడు దగ్గరి పదాలు. పరీక్షల పుస్తకాల్లో ‘రిలక్టెంట్, అన్‌విల్లింగ్, హెజిటెంట్, అవర్స్, లోత్’ అన్నీ ఒకే గీత మీద పర్యాయపదాలుగా ఉంటాయి. జవాబు గుర్తించడానికి అది సరిపోతుంది. వాడటానికి సరిపోదు.

‘హెజిటెంట్’లో అనుమానం ఉంటుంది, ‘రిలక్టెంట్’లో అయిష్టం ఉంటుంది. డాక్టరు ఆపరేషన్ చేయాలన్నారు. “చేయించుకోనా, వద్దా” అని తేల్చుకోలేక ఊగిసలాడే మనిషి హెజిటెంట్. చేయించుకోవాలని తెలుసు, కానీ మనసు రాదు. ఆ మనిషి రిలక్టెంట్. 

‘అన్‌విల్లింగ్’ ఇంకా గట్టిది, దాదాపు కుదరదన్నంత దూరం పోతుంది.

‘అవర్స్’ (స్పెల్లింగ్: ఎ, వి, ఇ, ఆర్, ఎస్, ఇ) ఒక్క సందర్భానికి కాకుండా ఎప్పుడూ ఉండే స్వభావానికి సరిపోతుంది. దాని వెనక వచ్చే ‘టు’ తర్వాత నామవాచకం గానీ ‘-ఇంగ్’ గానీ రావాలి: ‘అవర్స్ టు టేకింగ్ రిస్క్స్’. అదే మాటను ‘రిలక్టెంట్ టు టేక్ రిస్క్స్’ అంటాం. రెండూ పక్కపక్కనే రాసి పెట్టుకోండి, తప్పుపట్టే ప్రశ్నలకు భలే పనికొస్తుంది.

‘లోత్’ గ్రాంథికంగా ఉంటుంది, చివర ‘ఇ’ ఉండదు. చివర ‘ఇ’ ఉంటే అది ‘లోద్’ అనే క్రియ, అసహ్యించుకోవడం. 

‘రెటిసెంట్’ను ‘రిలక్టెంట్’ బదులు వాడేవాళ్లు పెరిగారు. రెటిసెంట్ అంటే మనసులో మాట పైకి చెప్పని మనిషి. పరీక్షలో, వ్యాసంలో ఈ రెండిటినీ విడివిడిగానే ఉంచండి.

వ్యతిరేక పదాలు కూడా రెండు రాసుకోండి: ‘విల్లింగ్’, ‘ఈగర్’. రెండిటి వెనకా అదే ‘టు + క్రియ’ వస్తుంది కాబట్టి అదనపు శ్రమ ఏమీ లేదు.

ఇంకో హద్దు: మనసున్నవాళ్లకే ఈ పదం చెల్లుతుంది. మనుషులు, మనుషులు నడిపే బ్యాంకులు, ప్రభుత్వాలు, కంపెనీలు. “బండి స్టార్ట్ కావడం లేదు” అని మామూలుగా చెప్పడానికి ‘రిలక్టెంట్’ వాడితే చమత్కారంగా వినిపిస్తుంది, అది మీ ఉద్దేశం కాకపోతే వద్దు.

8. తెలుగు అర్థం ఇప్పుడు రాయండి

మూడో అడుగులో రాసింది మీ ఊహ మాత్రమే. అసలు తెలుగు అర్థాన్ని ఇంతవరకు రాయమనకపోవడానికి ఒక్కటే కారణం. మొదట రాస్తే కళ్లు దాని మీదే ఉండిపోతాయి, మిగతా అడుగులు పైపైన సాగుతాయి.

నిఘంటువుల్లో ‘అయిష్టమైన’, ‘విముఖమైన’ లాంటివి కనిపిస్తాయి. తప్పు కాదు, కానీ రోజూ మాట్లాడేటప్పుడు “నేను విముఖంగా ఉన్నాను” అని ఎవరంటారు? మన నోట్లో వచ్చే మాటలు రాసుకోండి: ‘మనసొప్పక’, ‘ఇష్టం లేకపోయినా’, ‘వెనకాడటం’, ‘మనసు చంపుకుని’. ఇంట్లో అమ్మతో మాట్లాడేటప్పుడు వచ్చే మాట పక్కన ఇంగ్లీష్ పదాన్ని పెడితేనే, ఆ సందర్భం వచ్చినప్పుడు పదం తనంతట తాను గుర్తుకొస్తుంది.

‘మొహమాటం’ అని మాత్రం రాయకండి. మొహమాటంలో ఎదుటివాళ్లు ఏమనుకుంటారో అన్న బెరుకు ఉంది, అయిష్టం ఉండకపోవచ్చు. భోజనానికి రమ్మంటే మొహమాటపడే అతిథికి ఆకలిగానే ఉంటుంది.

9. మీ ఇంటి వాక్యాలు రాయండి

డిక్షనరీ వాక్యాలు వేరేవాళ్లవి. ఇప్పుడు మీ చుట్టూ ఉన్న మనుషులతో ఐదు వాక్యాలు రాయాలి. నమూనాకు ఒక కుటుంబాన్ని తీసుకుందాం. నాయనమ్మ ఊళ్లో ఒంటరిగా ఉంటోంది, కొడుకు హైదరాబాద్ రమ్మంటున్నాడు.

- ‘మై గ్రాండ్‌మదర్ ఈజ్ రిలక్టెంట్ టు లీవ్ ద విలేజ్.’ ఆమెకు మనసు రావడం లేదు. వెళ్తుందో లేదో తెలియదు.
- ‘షి ఈజ్ అండర్‌స్టాండబ్లీ రిలక్టెంట్, ఆల్ హర్ ఫ్రెండ్స్ ఆర్ దేర్.’ కారణం కలిసింది.
- ‘మై ఫాదర్ ఈజ్ రిలక్టెంట్ టు ఫోర్స్ హర్.’ ఇప్పుడు అయిష్టం తండ్రిది.
- ‘షి ఫైనల్లీ కేమ్ టు హైదరాబాద్, విత్ గ్రేట్ రిలక్టెన్స్.’
- ‘షి రిలక్టెంట్లీ సోల్డ్ హర్ టూ బఫెలోస్.’ గేదెలు అమ్మేసింది, మనసు చంపుకుని.

ఒకే కథలో మూడు రూపాలూ వచ్చాయి చూడండి. ఐదు వేర్వేరు విషయాల మీద ఐదు వాక్యాలు రాయడం కన్నా ఇలా ఒక కథగా రాయడం మేలు. మీ ఇంట్లో ఇలాంటివి కొల్లలుగా ఉంటాయి: ఉద్యోగం కోసం బెంగళూరు వెళ్లడం ఇష్టం లేని తమ్ముడు, సంబంధం ఒప్పుకోవడానికి వెనకాడే అక్క, స్మార్ట్‌ఫోన్ ముట్టని తాతయ్య.

రాశాక సరిచూసుకునే జాబితా:

- ‘రిలక్టెంట్’ ముందు ‘యామ్, ఈజ్, ఆర్, వాజ్, సీమ్’ లాంటిది ఉందా? లేదా వెనక వెంటనే నామవాచకం ఉందా?
- వెనక ‘టు’ ఉంటే, దాని తర్వాత క్రియ మూలరూపమేనా?
- పని జరిగిపోయిందని చెప్పదలిస్తే ‘రిలక్టెంట్లీ’ వాడారా?
- చివర ఎ-ఎన్-టి ఉందా?
- ఎందుకు ఇష్టం లేదో వాక్యంలోనో, పక్క వాక్యంలోనో తెలుస్తోందా?

అనుమానం తీరకపోతే, మీరు రాసిన మూడు నాలుగు పదాల ముక్కను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి సెర్చ్ చేయండి. ‘రిలక్టెంట్ టు సెల్’కు పేరున్న పత్రికల నుంచి వాక్యాలు వస్తాయి. ‘రిలక్టెంట్ ఫర్ సెల్లింగ్’కు ఏం వస్తుందో కూడా చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

10. మరిచిపోకుండా తిప్పి చూసుకోండి

అదే రాత్రి ఒకసారి, మర్నాడు, నాలుగో రోజు, వారానికి, మూడు వారాలకు. పేజీ తెరిచి చదవడం రివిజన్ కాదు. మూసి గుర్తుతెచ్చుకోవాలి, తర్వాత తెరిచి సరిచూసుకోవాలి.

కార్డులు చేసుకునేవాళ్లు ముందు వైపు పదం, వెనక అర్థం రాస్తారు. దాని బదులు ముందు వైపు ఖాళీ ఉన్న వాక్యం రాయండి: ‘బ్యాంక్స్ ఆర్ ______ టు లెండ్ టు టెనెంట్ ఫార్మర్స్.’ ఇంకో కార్డు మీద తెలుగు వాక్యం: “మనసొప్పకపోయినా ఒప్పుకున్నాడు.” వెనక: ‘హి రిలక్టెంట్లీ అగ్రీడ్.’ తెలుగు నుంచి ఇంగ్లీష్‌కు వెళ్లే కార్డు కష్టంగా ఉంటుంది, కానీ మాట్లాడేటప్పుడు మనం చేసే పని అదే కదా.

ఫోన్‌లో చేసుకోవాలంటే అంకీ యాప్ ఉంది. ఆండ్రాయిడ్‌లో, కంప్యూటర్‌లో ఉచితం, ఐఫోన్‌లో డబ్బు కట్టాలి. ఎప్పుడు ఏ కార్డు చూడాలో అదే లెక్కేస్తుంది.

11. బయట వాడండి

ఆఫీసు మెయిల్‌లో ఈ పదానికి మంచి చోటు ఉంది. “కుదరదు” అని మొహం మీద చెప్పకుండా అభ్యంతరం తెలపడానికి వాడతారు: ‘ఐ యామ్ రిలక్టెంట్ టు అప్రూవ్ దిస్ బిఫోర్ టెస్టింగ్ ఈజ్ కంప్లీట్.’ మర్యాదగా ఉంటుంది, మీ షరతు కూడా అందులోనే ఉంది. 

ఎదుటివాళ్ల గురించి వాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. క్లయింట్‌కు ‘యు ఆర్ రిలక్టెంట్ టు డిసైడ్’ అని రాస్తే నిందించినట్టు ఉంటుంది. ‘యు సీమ్ ఎ బిట్ రిలక్టెంట్, ఈజ్ దేర్ ఎనీథింగ్ వి కెన్ క్లారిఫై?’ అంటే మెత్తగా ఉంటుంది.

స్నేహితులతో సినిమాకు వెళ్లే విషయంలో ఈ పదం కాస్త బరువు. అక్కడ ‘ఐ డోంట్ రియల్లీ వాంట్ టు గో’ చాలు. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో, గ్రూప్-1 మెయిన్స్ ఇంగ్లీష్ క్వాలిఫయింగ్ పేపర్‌లో నిశ్చింతగా వాడొచ్చు. ఐఈఎల్‌టీఎస్‌లో పదసంపదకు విడిగా మార్కులు ఉంటాయి గానీ, అవి పదం ఎంత పెద్దదన్నదాన్ని బట్టి రావు. సరైన చోట, సరైన జంటతో వాడారా అని చూస్తారు.

మొదటి వారంలో మూడుసార్లు వాడండి: ఒక మెయిల్‌లో, ఒక మాటలో, ఒక డైరీ వాక్యంలో. సందర్భం రాకపోతే బలవంతంగా ఇరికించకండి, డైరీలో రాసుకుంటే సరిపోతుంది.

12. ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బందులు, సరిదిద్దుకునే మార్గాలు

రాసేటప్పుడు వస్తుంది, మాట్లాడేటప్పుడు రాదు. పదాన్ని ఒంటరిగా గుర్తుపెట్టుకున్నందువల్ల ఇలా జరుగుతుంది. ‘ఐ వాజ్ రిలక్టెంట్ టు’ అనే ముక్కను ఒకే ఊపిరిలో, పదిసార్లు పైకి చెప్పండి, ప్రతిసారీ వెనక కొత్త క్రియ పెట్టండి. నోరు అలవాటుపడాలి.

దగ్గరి పదాలన్నీ కలగాపులగం అవుతున్నాయి. అన్నీ ఒకే రోజు నేర్చుకున్నారు. ‘రిలక్టెంట్’ గట్టిపడ్డాక, వారం ఆగి ‘హెజిటెంట్’ పట్టుకోండి. పోలిక ఉన్న కొత్త పదాలను జంటగా నేర్చుకుంటే ఒకదాన్ని ఇంకోటి చెరిపేస్తుంది.

అనువాద యాప్ వేరే అర్థం ఇచ్చింది. ఒంటరి పదం ఇచ్చి ఉంటారు. పూర్తి వాక్యం ఇవ్వండి. అప్పుడు కూడా వచ్చిన తెలుగును మీ మూడో అడుగు ఊహతో పోల్చి చూడండి.

పేజీ నింపడానికే గంట పడుతోంది. రంగులు, బొమ్మలు, పది ఉదాహరణలు వద్దు. జాతి, నమూనా, పలికే తీరు, మూడు డిక్షనరీ వాక్యాలు, తెలుగు మాట, ఐదు సొంత వాక్యాలు. అంతే.

టెన్షన్‌లో పాత తప్పే వస్తోంది. ఇంటర్వ్యూలో ‘రిలక్టెంట్ ఫర్’ అనేశారనుకోండి, ఆగిపోవద్దు, మాట పూర్తి చేయండి. ఇంటికొచ్చాక అదే వాక్యాన్ని సరిచేసి కార్డుగా రాసుకోండి. మీ నోటి నుంచి వచ్చిన తప్పుతో చేసిన కార్డు అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది.

13. తర్వాత పట్టుకోవలసిన పదాలు

ఇదే వరసలో ఈ పదాలతో సాధన చేయండి. ప్రతిదాంట్లోనూ తెలుగు మనల్ని ఎక్కడ పక్కకు లాగుతుందో చెబుతున్నాను, మిగతాది డిక్షనరీలో మీరే వెతకండి.

- ‘డిస్కస్’: “దాని గురించి చర్చించాం” అంటాం కాబట్టి ‘అబౌట్’ తగిలిస్తాం. అక్కర్లేదు. ‘వి డిస్కస్డ్ ద ఇష్యూ.’
- ‘సజెస్ట్’: “నాకు సలహా ఇచ్చాడు” నుంచి ‘హి సజెస్టెడ్ మీ టు గో’ వస్తుంది. ‘హి సజెస్టెడ్ దట్ ఐ గో’ అనాలి.
- ‘ఇన్‌సిస్ట్’: వెనక ‘ఆన్’, ఆ వెనక ‘-ఇంగ్’. ‘షి ఇన్‌సిస్టెడ్ ఆన్ పేయింగ్.’
- ‘అఫర్డ్’: ముందు ‘కెన్’ గానీ ‘కాంట్’ గానీ దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ‘వి కాంట్ అఫర్డ్ టు వెయిట్.’ డబ్బుకే కాదు, సమయానికీ వాడతారని గమనించండి.
- ‘మ్యారీ’: “అతనితో పెళ్లయింది” అంటాం కాబట్టి ‘విత్’ వస్తుంది. ‘షి ఈజ్ మ్యారీడ్ టు హిమ్’ అనాలి.